నిజాం దగ్గర కాంట్రాక్టు చేసిన అమెరికన్

అశోక్‌నగర్లో గ్రూప్స్‌కి చదివే కుర్రాణ్ణి ఎవర్నైనా అర్ధరాత్రి లేపి "1798" అనండి. కళ్ళు తెరవకుండానే "రెండో నిజాం, వెల్లస్లీ, సైన్య సహకార ఒప్పందం" అనేస్తాడు. "రేమండ్" అంటే "ఫ్రెంచివాడు, గన్‌ఫౌండ్రీ, మలక్‌పేట వైపు సమాధి" అంటాడు. ఇక "జాన్ పార్కర్ బాయ్డ్" అని అడిగి చూడండి. సిలబస్‌లో లేడు కాబట్టి మళ్ళీ దుప్పటి ముసుగేస్తాడు :-)

నన్నడిగితే మన సాఫ్ట్‌వేర్ జనం తెలుసుకోవాల్సిన మనిషి ఈ బాయ్డే. మనవాళ్ళు అమెరికాకి ఆన్‌సైట్ పోవడం మొదలెట్టడానికి రెండొందల ఏళ్ళ ముందే, ఈయన అమెరికా నుంచి హైదరాబాదుకొచ్చి కాంట్రాక్టు చేసి వెళ్ళాడు.

బాయ్డ్ 1764లో మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ స్కాట్లండ్ నుంచి వలస వచ్చినవాడు. తల్లి సుసానా కాఫిన్‌ది అక్కడ ఎప్పట్నుంచో స్థిరపడ్డ కుటుంబం. 1786లో అమెరికా సైన్యంలో అట్టడుగు ఆఫీసరుగా చేరాడు. అప్పటికి స్వాతంత్ర్య యుద్ధం అయిపోయింది, కొత్త దేశం దగ్గర డబ్బుల్లేవు, సైన్యం పేరుకి మాత్రమే ఉంది. ఇక్కడుంటే ఎదుగుదల లేదనుకున్నాడో ఏమో, 1789లో ఓడెక్కి ఇండియా వచ్చేశాడు.

ఇక్కడ మార్కెట్ మంచి ఊపు మీదుంది. నిజాం, పీష్వా, హోల్కర్, సింధియా... అందరికీ యూరోపియన్ డ్రిల్లు వచ్చిన పటాలాలు కావాలి. బాయ్డ్ మూడు బెటాలియన్లు తయారు చేశాడు, ఒక్కోదాంట్లో సుమారు 500 మంది. తుపాకులు, ఫిరంగులు, ఏనుగులు అన్నీ ఆయన సొంతం. సిపాయిలకీ, ఇంగ్లీషు ఆఫీసర్లకీ నెలజీతం ఆయనే ఇచ్చుకుంటాడు. మొత్తం సెట్టుని రాజులకి అద్దెకిస్తాడు. మన భాషలో దీన్ని బాడీ షాపింగ్ అంటారు. కాకపోతే బెంచి మీద ఏనుగులు కూడా ఉంటాయి.

రెండో నిజాం అలీఖాన్ కొలువులో అప్పటికే రేమండ్ వేలమంది సిపాయిలతో పాతుకుపోయి ఉన్నాడు. ఫ్రెంచివాడి బలం చూసి ఇంగ్లీషు రెసిడెంటు విలియం కిర్క్‌పాట్రిక్‌కి గుబులు. అందుకని విరుగుడుగా ఐర్లండు వాడు ఫింగ్లాస్‌నీ, మన బాయ్డ్‌నీ ప్రోత్సహించాడు. అమెరికా ఇంగ్లండు నుంచి విడిపోయి పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు, ఇక్కడ మాత్రం అమెరికన్ ఇంగ్లీషువాళ్ళ పావు! కాంట్రాక్టరుకి దేశంతో పనేముంది?

1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాలతో యుద్ధం జరిగింది. నిజాం వైపు రేమండ్, ఫింగ్లాస్, బాయ్డ్ ముగ్గురి పటాలాలూ ఉన్నాయి. కానీ నిజాం జీతమిచ్చి పెట్టుకున్న ఇంగ్లీషు బెటాలియన్లు రెండూ రాలేదు. మరాఠాల మీద యుద్ధానికి రామని కంపెనీ తేల్చేసింది. నిజాం చిత్తుగా ఓడి, మంత్రిని బందీగా అప్పగించి ఇంటికొచ్చాడు. మరుసటేడు బాయ్డ్ తన సరంజామా సర్దుకుని పూనా పోయి పీష్వా దగ్గర చేరాడు. నిన్నటిదాకా ఎవరి మీద ఫిరంగులు పేల్చాడో వాళ్ళ దగ్గరే! దీన్ని ద్రోహం అనలేం. ప్రాజెక్ట్ అయిపోయింది, క్లయింట్ మారాడు, అంతే.

తప్పు బాయ్డ్‌ది కాదు, సైన్యాన్ని అద్దెకి తెచ్చుకుని రాజ్యం నడుపుదామనుకున్న నిజాంది అని నా అభిప్రాయం. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది: ఇంగ్లీషు బెటాలియన్లు ఆరు, ఖర్చు ఏడాదికి 24,17,100 రూపాయలు. అక్టోబరులో ఫ్రెంచి పటాలాల ఆయుధాలు లాగేసుకున్నారు. ముగ్గురు వెండర్లు పోయి ఒక్కడే మిగిలాడు. ఒక్క వెండరే మిగిలితే బిల్లు ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా? 1800లో ఆ బిల్లు కింద బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలు కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలంటే అవే. ఈరోజు రాయలసీమ అంటున్న ప్రాంతంలో చాలా భాగం అలా చేతులు మారిందే.

బాయ్డ్ తన పటాలాన్ని ఫిలోజ్ అనే ఇటలీ వాడికి అమ్మేసి సొంత దేశానికి పోయాడు. 1808లో అమెరికా సైన్యం 4వ పదాతి రెజిమెంటుకి కల్నల్ అయ్యాడు. 1811 నవంబర్ 7న టిప్పెకనూ యుద్ధంలో హారిసన్ కింద పనిచేశాడు. అక్కడ ఎదుటి పక్షం షానీ తెగ నాయకుడు టెకుంసే తమ్ముడు కూడగట్టిన జనం. అంటే ఈసారి కూడా 'ఇండియన్లే'! 1812లో బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1813 నవంబర్ 11న కెనడాలో క్రిస్లర్స్ ఫామ్ దగ్గర తనకంటే బాగా చిన్నదైన ఇంగ్లీషు సేన చేతిలో ఓడిపోయి పరువు పోగొట్టుకున్నాడు. 1815లో సైన్యం నుంచి బయటికొచ్చాడు. ఇండియా వైపు నుంచి పంపించుకున్న సురేకారం సరుకుని ఇంగ్లీషు ఓడలు పట్టుకుంటే, నష్టపరిహారం కోసం లండన్ దాకా పోయి 30 వేల డాలర్ల వాయిదా ఒకటి మాత్రం రాబట్టాడు. 1830లో బోస్టన్‌లో పోయాడు.

ఇంతకీ ఇక్కడి కుటుంబం సంగతి? హౌసినా (మన హసీనానో, హుసేనానో) అనే ముస్లిం స్త్రీతో ఆయనకి 1797లో ఫ్రాన్సెస్ అనే కూతురు పుట్టింది. కోఠీ రెసిడెన్సీ కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా గురించి డాల్రింపుల్ పెద్ద పుస్తకమే రాశాడు. హౌసినాకి దక్కింది జనరల్ గారి జీవితచరిత్రలో ఒక వాక్యం. ఆ మూడు బెటాలియన్ల సిపాయిలకి అది కూడా లేదు. ఫిరంగులతో, ఏనుగులతో పాటు వాళ్ళూ చేతులు మారారు. ఏ యుద్ధంలో ఎవరి తరఫున చస్తున్నారో నిర్ణయించింది వాళ్ళు కాదు.

చిక్కడపల్లి లైబ్రరీలో నోట్సు రాసుకుంటున్న తమ్ముళ్ళూ! రేమండ్ ఇక్కడే చనిపోయాడు కాబట్టి సమాధి ఉంది, మూసారాంబాగ్ ఆయన పేరు మీదే వచ్చిందని జనం చెప్పుకుంటారు, ఆ పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. బాయ్డ్ వెళ్ళిపోయాడు కాబట్టి మర్చిపోయాం, సరే. కానీ వీళ్ళిద్దరి వెనకా తుపాకీ మోసిన దక్కనీ సిపాయిలు ఎక్కడికీ పోలేదు కదా. వాళ్ళెవరో, ఏ ఊళ్ళ వాళ్ళో, జీతం ఆగిపోయిన నెలల్లో వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో రాసేవాళ్ళు మీలోంచే రావాలి. దానికి మార్కులు రావు, అయినా సరే.