రాణీబొమ్మ రూపాయి – మూసలో వేయవచ్చునా?



ఇటీవల మా అమ్మగారి పాత పెట్టె సర్దుచుండగా, ఒక గుడ్డమూటలో పందొమ్మిది వెండి రూపాయలు దొరికినవి. ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనికి పోయి, ఒక వెండి అంగడిలో చూపితిని. అంగడివారు ఒక బిళ్ళను ఒరపురాయిపై గీచి చూచి, "అయ్యవారూ, ఇవన్నీ మామూలువే. నాణేలు కొనేవాళ్ళు కూడా వెండి ధర కంటే ఎక్కువేమీ ఇయ్యరు. కరిగిస్తే మీ మనుమరాలికి కాళ్ళపట్టీలు అవుతాయి" అనిరి. మనుమరాలి పట్టీలా, అమ్మ మూటా? ఈ సందిగ్ధమే ఈ టపాకు మూలము.

ముందు లెక్క చూతము. 1835 నుండి కుంఫిణీవారి ఏకరూప రూపాయి తూకము ఒక తులము, అనగా 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. కావున ఒక్కొక్క రూపాయిలో మేలిమి 10.69 గ్రాములు. 1940లో ఈ పాలు సగమునకు తగ్గినది. 1947 నాటి రూపాయి నికెలుది. పాత మేలురకపు రూపాయల చెల్లుబాటు 1941-43 నడుమ రద్దయినది. నాటి నుండి అవి నాణెములు కావు, వెండి బిళ్ళలు మాత్రమే.

అయినను ఆ బిళ్ళలకు చరిత్ర కలదు. ఆదోని ఒకప్పుడు టంకసాల ఊరు. మొగలుల ఏలుబడిలో ఇమ్తియాజ్‌గఢ్ అను పేర ఇచట నాణెములు అచ్చయినవి. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తము చేసెను. 1876-78 నాటి మహాక్షామము అప్పటి బళ్ళారి జిల్లాలోని మన ప్రాంతమును పీల్చి పిప్పి చేసినది. తిండికే లేనివారు బట్ట కొనరు గదా! మగ్గములు ఆగినవి. దక్షిణాపథమున ఆడవారి కడియములు, పట్టీలు అమ్ముడుపోయి, బొంబాయి టంకసాలకు చేరి రూపాయలయినవి. ఆ కరవు నడుమనే, 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను చక్రవర్తినిగా చాటిరి. నాణెముపై 'క్వీన్' పోయి 'ఎంప్రెస్' వచ్చినది.

ఆ పిమ్మట కథ తిరుగబడినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున వెండి ధర పెరుగగా, జనులు రూపాయలను కరిగింపసాగిరి. 1917లో ప్రభుత్వము దానిని నిషేధించినది. రూపాయల కొరత తీర్చుటకు అమెరికావారు 1918 నాటి పిట్‌మన్ చట్టము క్రింద తమ వెండి డాలర్లను కరిగించి, సుమారు 20 కోట్ల ఔన్సుల వెండిని ఇండియా కొఱకు అమ్మిరి. పట్టీలు రూపాయలైనవి, డాలర్లు రూపాయలైనవి, రూపాయలు మరల పట్టీలైనవి. మూసలో పడుట వెండికి క్రొత్త కాదు.

కాని ఒక హెచ్చరిక. కరిగించుటకు ముందు సంవత్సరము చదువవలెను. 1939 నాటి రూపాయి మిక్కిలి అరుదు. చింతపండుతో తోమి మెరయించిన, సేకర్తల దృష్టిలో విలువ పడిపోవును. నూరేండ్లు దాటినవి చట్టరీత్యా పురావస్తువులు; వానిని విదేశములకు పంపరాదు.

మా మూటలో 1862 నాటివి నాలుగు, ఎడ్వర్డువి ఐదు, ఐదవ జార్జివి తొమ్మిది, 1878 నాటిది ఒకటి. మా అమ్మ వానిని చరిత్ర కొఱకు దాచలేదు, ఆపద కొఱకు దాచినది. వస్తువు అక్కఱకు రావలెనన్నదే ఆమె మతము. కావున ఎడ్వర్డు, జార్జి బిళ్ళల సంవత్సరములను, టంకసాల గుర్తులను నోటుపుస్తకమున వ్రాసికొని, ఆ పదునాలుగింటిని కంసాలికి ఇచ్చితిని. తరుగు పోను మనుమరాలికి పట్టీలు వచ్చినవి. 1862 నాటి నాలుగును నలుగురు పిల్లలకు ఒక్కొక్కటి.

1878 నాటి దానిని మాత్రము నేనే ఉంచుకొంటిని. అది ఆకలినాడు ఏ తల్లియో కాలినుండి ఊడదీసి ఇచ్చిన వెండి కావచ్చును. ఒకమారు కరగినది చాలును.

మీ ఇండ్లలోని మూటలను కూడ ఒకమారు విప్పి చూడుడు. వానిపై ఉన్న సంవత్సరములను తెలిపిన సంతోషింతును.