వెనిలా తీగకు పెళ్లి చేసిన పిల్లవాడు

మా పెరట్లో సొరపాదు ఈ ఏడు పందిరంతా పాకింది. పూత బాగానే ఉంది కానీ పిందెలు పండుబారి రాలిపోతున్నాయి. అమ్మకు ఫోన్ చేస్తే, "సాయంత్రం మగపువ్వు కోసి, పిందె ఉన్న పువ్వు మీద అద్దవే" అంది. ఆ పని చేస్తుంటే ఎడ్మండ్ గుర్తొచ్చాడు. మీకూ అతని సంగతి చెప్పాలనిపించింది.

మనం కస్టర్డ్‌లో వేసుకునే వెనిలా ఒక తీగ కాయ. ఆర్కిడ్ జాతి తీగ అది, చెట్లను పట్టుకుని పాకుతుంది. పుట్టిల్లు మెక్సికో. అక్కడి టొటొనాక్ ప్రజలు దాన్ని పెంచేవారు, అజ్టెక్‌లు చాక్లెట్ పానీయంలో కలుపుకునేవారు. స్పెయిన్ వాళ్ల ద్వారా ఆ రుచి యూరప్ చేరింది. తీగను కూడా ఎక్కడెక్కడికో తీసుకెళ్లి నాటారు. పూసేది, కాసేది కాదు. పువ్వులో మగభాగానికీ ఆడభాగానికీ మధ్య సన్నటి పొర అడ్డం. పుట్టినచోట ఆ అడ్డం దాటించే తేనెటీగలు ఉన్నాయి, కొత్తచోట లేవు. పైగా ఆ పువ్వు ఉదయం విచ్చుకుని అదే రోజు వాడిపోతుంది.

1836లో బెల్జియంలో మొరెన్ అనే శాస్త్రవేత్త చేత్తో కాయించాడు కానీ, ఆ పద్ధతి తోటల్లోకి రాలేదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, ఫ్రెంచివాళ్ల తోటలో బానిసగా ఉన్న పన్నెండేళ్ల ఎడ్మండ్ దారి కనిపెట్టాడు. సన్నటి పుల్లతో పొరను పైకెత్తి, బొటనవేలితో రెండు భాగాలనూ కలిపి నొక్కాడు. అంతే! ఎప్పుడూ కాయని తీగకు కాయలు కనిపించి యజమాని ఫెరియోల్ ఆశ్చర్యపోయాడు. పక్క తోటలవాళ్లకు నేర్పడానికి పిల్లవాణ్ణి పంపించాడు. దీవి వెనిలాకు పేరుపడింది.

మరి ఎడ్మండ్‌కు ఏం దక్కింది? అతణ్ణి కంటూనే తల్లి పోయింది. బానిస కనుక ఇంటిపేరు కూడా లేదు. 1848లో బానిసత్వం రద్దయ్యాక ఆల్బియస్ అని పెట్టారు. వంటింట్లో పనికి కుదిరాడు, దొంగతనం కేసులో జైలుకు వెళ్లాడు. ఆ పద్ధతి తనదేనని ఒక పెద్దమనిషి చెప్పుకుంటే, ఫెరియోలే పిల్లవాడి పక్షాన ఉత్తరం రాశాడు. 1880లో ఎడ్మండ్ పేదవాడిగానే పోయాడు.

ఈనాటికీ ఒక్కో పువ్వునూ అలా చేత్తోనే కలపాలి. రీయూనియన్‌లో ఆ పని చేసే ఆడవాళ్లను 'పెళ్లి చేసేవాళ్లు' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. తొమ్మిది నెలలకు కాయ ముదురుతుంది. అప్పటికీ వాసన ఉండదు. వేడినీళ్లలో ముంచి, ఉమ్మబెట్టి, నెలల తరబడి ఆరబెడితే నల్లబడి ఘుమఘుమలాడుతుంది. ఇంత చాకిరీ ఉంది కనుకే అసలు వెనిలా అంత ఖరీదు. మన వంటింటి సీసాల్లోని ఎసెన్స్ చాలావరకు ఫ్యాక్టరీలో తయారైనదే.

మా వాడు ఇప్పుడు ఏడో తరగతి, ఎడ్మండ్ వయసే. ఆదివారం కస్టర్డ్ గిన్నె ముందుపెట్టి ఈ కథ చెప్పాను. "వాళ్ల అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో కదమ్మా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.


సొరపాదుకు మాత్రం రెండు పిందెలు నిలిచాయి.