పాత పట్టాల మీద నగర రైలు: హైదరాబాద్ ఎంఎంటీఎస్

హైదరాబాద్ ఎంఎంటీఎస్ (మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్) లోకల్ రైళ్లు 2003 ఆగస్టు 9న పట్టాలెక్కాయి. రైళ్లు కొత్తవే గానీ దారులు నిజాం కాలంనాటివి. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు, 1874లో, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. బొంబాయి–మద్రాసు మార్గంతో నిజాం రాజధానిని కలపడం కోసం వేసిన దారి అది. ఆ దారిలోని లింగంపల్లి అప్పటికి నగరానికి చాలా దూరం. నాంపల్లి స్టేషన్ 1907లో, కాచిగూడ స్టేషన్ 1916లో వెలిశాయి. కాచిగూడ మీదుగా ఫలక్‌నుమా వైపు పోయే మీటర్ గేజి దారి 1990లలో బ్రాడ్ గేజికి మారింది. ఆ మార్పు జరగకుంటే పాతబస్తీలో ఎక్కినవాళ్లు అదే బండిలో లింగంపల్లిలో దిగే వీలే ఉండేది కాదు.

1990ల చివర మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరిగి, రోడ్లు కిక్కిరిసిపోయాయి. కొత్త మార్గం వేయాలంటే భూమీ కావాలి, డబ్బూ కావాలి. ఉన్న పట్టాలనే వాడుకుంటే ఖర్చు తక్కువ. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరిసగం భరించి సుమారు 178 కోట్ల రూపాయలతో మొదటి దశను పూర్తి చేశాయి. నాటి ఉప ప్రధాని ఎల్.కె. ఆద్వానీ ప్రారంభించిన ఈ రైళ్లు మొదట సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లి మధ్య తిరిగాయి. ఫలక్‌నుమా దారి 2004లో తోడైంది.

బేగంపేట ఈ మార్గానికి కీలకం. లింగంపల్లి నుంచి వచ్చే బండ్లలో కొన్ని ఇక్కడి నుంచి సంజీవయ్య పార్కు మీదుగా సికింద్రాబాద్‌కు, కొన్ని నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్ మీదుగా నాంపల్లికి పోతాయి. హైటెక్ సిటీ స్టేషన్ పేరు చూసి దిగినవాళ్లు మాత్రం సైబర్ టవర్స్ చేరడానికి మళ్లీ ఆటో వెతుక్కోవాల్సిందే. బస్సునూ రైలునూ ఒక్కటిగా నడపాలన్న అసలు ఆలోచన ఇలాంటిచోటే సగంలో ఆగింది.

చవగ్గా వచ్చిన దారికి మూల్యం వేళల రూపంలో చెల్లించాల్సి వచ్చింది. అవే పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ నడుస్తాయి. వాటికి దారి ఇవ్వడానికి లోకల్ బండి సికింద్రాబాద్ ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగి నిలబడడం రోజువారీ ప్రయాణికులకు అలవాటే. అయిదు రూపాయల కనీస టికెట్ ఎంత ఆకర్షించినా, ఆఫీసు వేళకు చేరాల్సినవాళ్లకు ఈ ఆలస్యం పెద్ద చిక్కు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక ఈ లోపం మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. మెట్రోకు తన దారి తనకే ఉంది. కొవిడ్ వల్ల 2020 మార్చిలో ఆగిన ఎంఎంటీఎస్ రైళ్లు తిరిగి కదిలింది 2021 జూన్‌లో. ఆలోగా చాలామంది వేరే దారి చూసుకున్నారు.

రెండో దశకు 2012–13లో అనుమతి వచ్చింది. అంచనా 816 కోట్లు. అందులో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులు. నిధుల విడుదల నత్తనడకన సాగింది, సనత్‌నగర్–మౌలాలి మధ్య రక్షణ శాఖ భూముల చిక్కు మరికొన్నేళ్లు తినేసింది. సికింద్రాబాద్–మేడ్చల్, ఫలక్‌నుమా–ఉందానగర్ మార్గాలు 2023 ఏప్రిల్ 8న మొదలయ్యాయి. ఉందానగర్ శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరదే అయినా పట్టాలు టెర్మినల్ దాకా పోలేదు. సనత్‌నగర్–మౌలాలి దారి 2024 మార్చి 5న అందుబాటులోకి వచ్చింది. అదే రోజు ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ బయల్దేరింది. రద్దీగా ఉండే సికింద్రాబాద్ స్టేషన్‌లోకి పోకుండానే తూర్పు శివారు నుంచి పడమటి శివారుకు చేరే దారి దీనితో ఏర్పడింది.