సంబంధం చూసినట్టే

పెళ్ళిసంబంధం వచ్చిందంటే మనం ఎంత వాకబు చేస్తాం! పిల్లవాడు బుద్ధిమంతుడని పదిమంది చెప్పినా, ఆ పదిమందికీ చెప్పింది పెళ్ళిళ్ళ పేరయ్య ఒక్కడేనని తేలితే నమ్ముతామా? మరి ఇంటర్నెట్టులో కనబడిన మాట దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతుందో!

ఈమధ్య నా నవలలో ఒక లెక్చరరమ్మ పాఠం చెప్పే ఘట్టం వచ్చింది. తెలుగులో మొదటి కథ ఏది? బి.ఏ. నాటినుంచీ నాకు కంఠతా వచ్చిన జవాబే - గురజాడవారి 'దిద్దుబాటు', 1910. రాసేశాను. అయినా ఎందుకైనా మంచిదని గూగుల్లో వెదికాను. వరసగా అదే జవాబు. కొన్నిచోట్ల వాక్యం కూడా పొల్లుపోకుండా అదే! ఒకరి నోటుపుస్తకం చూసి క్లాసంతా ఎక్కించుకున్నట్టుంది.

కిందికి పోగా పోగా ఒకచోట భండారు అచ్చమాంబ పేరు తగిలింది. ఆవిడ కథ 'ధనత్రయోదశి' 1902 నవంబరులో 'హిందూ సుందరి' పత్రికలో వచ్చిందట. అంటే 'దిద్దుబాటు' కంటే ఏడేళ్ళు ముందు!

సంబరపడబోయి ఆగాను. ఆడవాళ్ళ పేరు కదా అని నమ్మేస్తే నేనూ ఆ క్లాసులో పిల్లనే! అందుకని కథ పేరు కలిపి ఒకసారి, 'ధన త్రయోదశి' అని విడదీసి ఒకసారి వెదికాను. అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడితే అచ్చంగా ఆ మాటలున్నవే వస్తాయి. దొరికిన ప్రతిదాన్నీ వాకబు చేశాను. రాసిందెవరు? వారికెలా తెలుసు? పత్రిక పేరూ, నెలా, సంవత్సరమూ చెప్పారా? ఊరూ పేరూ లేనివి పక్కన పెట్టగా, ఆధారాలతో రాసిన పరిశోధకుల వ్యాసాలు మిగిలాయి. కథా దొరికింది, చదివాను.

అచ్చమాంబ 1874లో పుట్టింది. బడికి వెళ్ళకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువుకుంది. ఎక్కడెక్కడి స్త్రీల జీవితాలో వెదికి పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1905లో, ముప్ఫై ఏళ్ళ వయసులోనే కన్నుమూసింది. మరుగునపడ్డ ఆడవాళ్ళని వెలికితీసిన మనిషి తానే మరుగునపడింది చూడండి! 'మొదటి కథ' అని వెదికితే పైన రాలేదు. పేరు తెలిసి అడిగితేనే పలికింది.

ఆధునిక కథాలక్షణాలు దేనిలో ఎక్కువన్నది విమర్శకులు వాదించుకోవచ్చు. గురజాడవారి గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు. కానీ అచ్చయిన తేదీ అచ్చయిన తేదీయే కదా!

నా లెక్చరరమ్మ చెప్పిన జవాబు కొట్టేశాను. ఇప్పుడావిడ రెండు కథల పేర్లూ, రెండు తేదీలూ బోర్డు మీద రాసి, "మీరే చదివి చెప్పండర్రా" అంటోంది.