బదనిక పూవు – దాని పూర్వోత్తరములు

విరూరు పరిసరములలోని తెలుగు కుటుంబములకు బదనిక యను మాట క్రొత్తది కాదు. చెట్టుపై మొలచిన మొక్కనెల్ల మనవారు బదనిక యందురు. మామిడి బదనిక, మేడి బదనిక అని ఆశ్రయమిచ్చిన చెట్టునుబట్టి దానిని చెప్పుదురు. అయితే ఈ పేరు క్రింద రెండు వేర్వేరు జాతులున్నవి. మొదటిది చెట్టును తినునది. రెండవది చెట్టుపై నిలుచునదే కాని చెట్టును తిననిది. వేసవిలో పరిమళించు పూవులు పూయు ఆర్కిడ్ ఈ రెండవ జాతిలోనిది. పేరొక్కటే యగుటచే మొదటిదాని నేరమునకు రెండవది గూడ తోటలలో నరకబడుచున్నది.

ఈ కలగాపులగము నేటిది కాదు. అమరకోశమున ‘వంద’ యను మొక్కకు వృక్షాదని యనియు, వృక్షరుహ యనియు పర్యాయపదములున్నవి. వృక్షాదని యనగా చెట్టును తినునది. వృక్షరుహ యనగా చెట్టుపై పెరుగునది. తినునదియు, పెరుగునదియు ఒకే వరుసలో చేరిపోయినవి.

1784లో కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్ ఈ ‘వంద’ పేరునే ఆర్కిడ్ మొక్కకు గ్రహించెను. ఆయన మరణించిన మరుసటి యేడు, 1795లో, ఆ రచన వెలువడినది. 1820లో రాబర్ట్ బ్రౌన్ దానిని శాస్త్రీయముగా ప్రజాతి నామము చేసెను. నేడు దేశదేశముల పూలతోటలలో ‘వాండా’ యని పిలువబడు ఆర్కిడ్లకు పేరు మన నిఘంటువుల నుండి వెళ్లినదే.

తెలుగునేలకు ఇందులో మరియొక పాలు కలదు. 1781 నుండి సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులచే ఇచ్చటి మొక్కల బొమ్మలు వ్రాయించెను. 1795లో లండనున ప్రారంభమైన ఆయన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ గ్రంథపు మొదటి సంపుటములో మన బదనిక పూవు రంగుల బొమ్మ యున్నది. పసుపుపచ్చని రేకులపై గోధుమరంగు గళ్లుండుటచే దానికి ‘టెస్సెలేటమ్’, అనగా గళ్లది, అని పేరిడెను. నేటికిని దాని శాస్త్రనామము వాండా టెస్సెలేటా.

పరిమళము గల మెత్తని ఆకుల ఆర్కిడ్లను ఇంట పెంచగోరువారు కొందరు కలరు. మెక్సికో, గ్వాటెమాలా కొండలలోని లైకాస్టెలు అట్టివి. వానిలో నొకదానికి దాల్చినచెక్క వాసన కలదు. కాని వానికి చల్లదనము కావలెను. చంద్రపురము వేసవి సరిపడదు. మన బదనిక ఆకు దళసరి, గట్టిది, ఎండకు ఓర్చునది. దీనికి మన్ను పనికిరాదు. వేళ్లకు గాలి తగులవలెను. చెక్కబద్దల బుట్టలో బొగ్గుముక్కలు వేసి నిలిపినను, మామిడి కొమ్మకు కొబ్బరి పీచుతో కట్టినను చాలును. వేసవిలో ప్రతి ఉదయము వేళ్లు తడుపవలెను. తెల్లని వేరు తడిసి పచ్చనగుటయే నీరు చాలినదనుటకు గుర్తు. మధ్యాహ్నపుటెండ నుండి నీడ నీయవలెను.

అడవి నుండి మాత్రము పెరికి తేరాదు. దీని గింజ ధూళివంటిది. తనలో ఆహారము లేక, తగిన శిలీంధ్రము తోడైననే మొలకెత్తును. పూయుటకు ఏండ్లు పట్టును. నర్సరీలో కొనుటయే మేలు. నరకిన తోటచెట్టుపై నున్నదానిని తెచ్చి కాపాడినను పుణ్యమే.

రెంటిని గుర్తించుట సులువు. చెట్టును తినుదాని వేరు కొమ్మలోనికి చొచ్చుకొనిపోవును; అచ్చట కొమ్మ ఉబ్బియుండును. ఆర్కిడ్ వేళ్లు లావుగా, తెల్లగా బెరడునంటియో గాలిలో వ్రేలాడుచునో యుండును. చెట్టునుండి చోటు తప్ప మరేమియు గైకొనదు.

మా రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ యేట నాందేడుకు, 1959లో చాందాకు చేరినది. 1960 నుండి మహారాష్ట్రములో నున్నది. ఊరు కదలకయే మేము పరరాష్ట్రవాసులమైతిమి. మరాఠీలో చెట్టును తిను బదనికను బాండ్‌గూళ్ అందురు. ఒరులపై బ్రదుకువానిని నిందించుటకును ఆ మాటయే వాడుదురు. మరాఠీ బడులలో చదువు మన పిల్లలకు ఆ మాట తెలియును. బదనిక యను మాట మాత్రము జారిపోవుచున్నది. దానితోపాటు ఈ రెండింటి భేదమును గూడ వారికి చెప్పుదము. మరియొకరి కొమ్మపై నిలిచినంత మాత్రమున దానిని తినుచున్నట్లు కాదని, ఆ కొమ్మకు పరిమళము నిచ్చునవియు కలవని వారెరుగవలెను.