పరిహాసము – ప్రమాణము

ఎన్నికలు సమీపించినప్పుడు పల్లెలకు వచ్చు అతిథులలో పరిహాసము ఒకటి. పెద్దేముల్ వంటి గ్రామమునకు ఒకప్పుడు అది చావడి యొద్ద మాటగా, గోడమీద సున్నపు వ్రాతగా, మైకు కట్టిన జీపులో పాటగా వచ్చుచుండెను. నేడు చేతిలోని ఫోనులో బొమ్మగా వచ్చుచున్నది. ఒక అభ్యర్థి ముఖము, దాని క్రింద సినిమాలోని హాస్యనటుని మాట. లేదా అతని సభకు వచ్చిన ఒక ముసలివాని అమాయకపు సమాధానము, దానిపై ఒక వెక్కిరింత. దీనినే మీమ్ అనుచున్నారు. ఒకరి మనసునుండి మరియొకరి మనసునకు అనుకరణచే వ్యాపించు భావమునకు 1976లో రిచర్డ్ డాకిన్స్ అను జీవశాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను.

2018 డిసెంబరు 7న, 2023 నవంబరు 30న శాసనసభకును, 2024 మే 13న లోకసభకును వోటువేసిన తెలంగాణములో ఈ బొమ్మలను చూడని ఇల్లు అరుదు. ఒకే ఇంట అన్నది ఒక పక్షము, తమ్మునిది మరియొక పక్షము. పోలింగు ముగిసిన పిదప అభ్యర్థులు హైదరాబాదునకు పోవుదురు. అన్నదమ్ములు మాత్రము ఒకే గట్టునకు ఈవల ఆవల కందిచేలు కోసికొనవలసియే యుండును. కనుక ఈ నవ్వులో నిజమెంత, తర్కమెంత అని విచారించుట వృథాకాలక్షేపము కాదని మేము తలచుచున్నాము.

పరిహాసమును మేము దోషమనుట లేదు. 1948లో శంకర్ స్థాపించిన శంకర్స్ వీక్లీ తన వ్యంగ్యచిత్రములలో ప్రధానమంత్రి నెహ్రూను సైతము విడిచిపెట్టలేదు. తెలుగున తలిశెట్టి రామారావు మొదలుకొని ఎందరో చిత్రకారులు పాలకుల పొరపాటులను గీతలలో చూపిరి. అయితే మంచి వ్యంగ్యచిత్రము వెనుక ఒక వాదముండును. ఈ మంత్రి చెప్పినది ఇది, చేసినది ఇది, రెండింటికిని పొత్తు కుదరలేదు అని అది చూపును. నవ్వు తీసివేసినను వాదము మిగులును. నవ్వు తీసివేయగా ఏమియు మిగులనిచో, అది వాదము కాదు, వాదమువలె కనబడునది మాత్రమే.

ఇట్టి ఆభాసములను మన తార్కికులు ఏనాడో విడదీసి చూపిరి. గౌతముని న్యాయసూత్రములలో ఛలము అను దోషము కలదు. పలికినవాని తాత్పర్యమును విడిచి, అతని మాటకు వేరొక అర్థము కట్టి ఖండించుట ఛలము. క్రొత్త కంబళి కప్పుకొన్నవానిని నవకంబలుడనగా, ‘తొమ్మిది కంబళ్లెక్కడ?’ అని అడ్డుపడుట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అరగంట ఉపన్యాసమునుండి ఐదు మాటలు కత్తిరించి, ముందువెనుకలు లేకుండ చూపు నేటి వీడియో ముక్క ఈ జాతిలోనిదే. ఉపచారమును, అనగా అలంకారముగా పలికిన మాటను, యథార్థముగా పట్టుకొనుట ఛలములో మరియొక భేదము. 1952 ఎన్నికలలో కాంగ్రెసు గుర్తు జోడెడ్లు, కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షము గుర్తు గుడిసె. చదువురాని వోటరుకు సౌకర్యముగా నుండుటకు ఏర్పడిన గుర్తులవి. ‘ఎద్దులకు వోటువేయువారు ఎద్దులే’ అని ఎవరైన అనినచో నవ్వు రావచ్చును. కాని ఆ మాట వలన ఏ పక్షమును గురించియు మనకు క్రొత్తగా తెలియునది లేదు.

రెండవది హేత్వాభాసము. తర్కసంగ్రహకర్తయైన అన్నంభట్టు దీనిని తేటగా వివరించెను. ‘ఈ కొండపై నిప్పున్నది, ఏలనన ఇది తెలియదగిన వస్తువు’ అనిన హేతువు నిలువదు. నిప్పులేని చెరువు కూడ తెలియదగినదే. హేతువు అక్కడను ఇక్కడను కనబడుచున్నప్పుడు అది సవ్యభిచారము. ‘ఈ అభ్యర్థికి ఇంగ్లీషు సరిగా రాదు, కనుక పాలింపలేడు’ అను బొమ్మ ఇట్టిదే. ఇంగ్లీషు చక్కగా వచ్చియు పాలింపలేనివారు ఉండవచ్చును. అది రాకయు గ్రామమును చక్కగా నడపు సర్పంచులు ఉండవచ్చును.

మూడవ దోషము అన్నిటికంటె కఠినమైనది. ఒక్క అనుచరుని తెలివితక్కువ మాటను చూపి, అనుచరులందరును అట్టివారే అనియు, కనుక అభ్యర్థియు అట్టివాడే అనియు తేల్చుట. వేలమందిలో ఒకనిని ఏరినది ఎవరు? బొమ్మ చేసినవాడు. ఎదుటి పక్షములో అట్టివాడొకడు దొరకడా? తప్పక దొరకును. అప్పుడు అదే హేతువు రెండు పక్షములను సమానముగా ఓడించును. అనగా దేనిని ఓడింపలేదు.

చరిత్ర దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు తెలుగుదేశము పక్షమును స్థాపించినప్పుడు, ముఖమునకు రంగు పూసుకొనువానికి రాజ్యమేల, సినిమా చూచి చప్పట్లు కొట్టువారి వోట్లేల అని నవ్వినవారు కలరు. 1983 జనవరి ఎన్నికలలో 294 స్థానములకుగాను 200కు పైగా ఆ పక్షమునకు వచ్చినవి. గెలుపు వలన ఆయన విధానములన్నియు ఒప్పని సిద్ధింపదు, అట్లనుటయు తర్కదోషమే. కాని నవ్వినవారు పోగొట్టుకొన్నది ఒకటి కలదు. కిలో రెండు రూపాయల బియ్యమును గురించి, పదేపదే ముఖ్యమంత్రులను మార్చిన ఢిల్లీ పెత్తనమును గురించి వోటరు ఏమి ఆలోచించుచుండెనో వారు వినలేదు. నవ్వు చెవిని మూసివేసెను.

1969 రాష్ట్రపతి ఎన్నికలో పోటీపడిన ప్రధానాభ్యర్థులు ఇరువురును తెలుగువారే, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. సంజీవరెడ్డిగారి శీలమును దూషించుచు పేరులేని కరపత్రమొకటి పార్లమెంటు సభ్యుల నడుమ వ్యాపించెను. తుది లెక్కలో గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వోట్ల విలువ వచ్చినది. వివాదము సుప్రీంకోర్టునకు ఎక్కగా, పదవిలోనున్న రాష్ట్రపతి స్వయముగా సాక్ష్యమిచ్చెను. 1970లో ఆ అర్జీలు కొట్టివేయబడినవి. ఎనిమిదేండ్లకు, 1977లో, సంజీవరెడ్డిగారు పోటీలేకయే రాష్ట్రపతియైరి.

ఇక పెద్దేముల్ మండలము చేరియున్న తాండూరు నియోజకవర్గమునే చూడుడు. 1967లో ఇక్కడనుండి డాక్టరు మర్రి చెన్నారెడ్డిగారు గెలుపొందగా, ఓడిన వందేమాతరం రామచంద్రరావుగారు ఆ ఎన్నికను న్యాయస్థానమున ప్రశ్నించిరి. అవినీతికరమైన ఎన్నికల పద్ధతుల కారణమున హైకోర్టు 1968లో ఆ ఎన్నికను రద్దుచేసెను. ఆ యేడాదియే సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. ఆరేండ్ల అనర్హత కలిగెను. ఆ గడువు తీరిన పిదప, 1978లో, చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. ఇచ్చట మేము చెప్పదలచినది ఒక్కటే: ఆరోపణ వెక్కిరింతతో నిలువలేదు, సాక్షులతో నిలిచెను. ఎదుటివారు అడ్డుప్రశ్న వేయుటకు అవకాశముండెను. బొమ్మను అడ్డుప్రశ్న వేయుట ఎట్లు?

ప్రజాప్రాతినిధ్యశాసనమున 1961లో చేర్చిన 127-ఏ సెక్షను ప్రకారము ఎన్నికల కరపత్రముపై ముద్రించినవాని పేరు, ప్రకటించినవాని పేరు ఉండవలెను. 123వ సెక్షను అభ్యర్థి వ్యక్తిగత శీలమును గురించి తెలిసి తెలిసి చేయు అసత్యప్రకటనను అవినీతికరమైన పద్ధతిగా ఎంచుచున్నది. అభిప్రాయమును మాత్రము స్వేచ్ఛగా విడిచినది. ఫోనులో తిరుగు బొమ్మకు సాధారణముగా కర్త పేరుండదు. పంపినవాడు ‘నాకు వచ్చినది, పంపితిని’ అనును. ఆ మాట వేయిమంది అనినను బాధ్యుడు ఒక్కడును దొరకడు.

కనుక శ్రోతలకు మా మనవి. బొమ్మ వచ్చినప్పుడు నవ్వుడు, తప్పులేదు. పంపుటకు ముందు మాత్రము మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ మాట పూర్తిగా పలికినదేనా? ఇదే హేతువు మనవానికిని వర్తింపదా? దీనిలో నవ్వబడుచున్నది అధికారమా, లేక వోటు తప్ప వేరు బలములేని యొక మనిషియా? మూడవదానికి సమాధానము చెప్పునప్పుడు గట్టునకు ఆవల కంది కోయుచున్న అన్నను ఒకమారు తలచుకొనుడు. అతనికిని వోటు ఒక్కటే, మీకును ఒక్కటే. అతని కారణమేమో అడిగి తెలిసికొన్నచో మీ వాదమునకు బలము కలుగవచ్చును, లేదా మీ వాదమే మారవచ్చును. రెండును లాభములే.