శాసనములలోని తిథులు - వాని పరీక్ష

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516వ సంవత్సరమున నూరుకాళ్ల మండపమును, గాలిగోపురమును కట్టించెనని శాసనమువలన తెలియుచున్నది. ఆ గోపురము 2010 మే 26వ తేదీన కూలిపోయెను. దాని స్థానమున నిర్మించిన క్రొత్త గోపురమునకు 2017లో కుంభాభిషేకము జరిగెను. కట్టడము పోయినను దాని కాలము మనకు దక్కినది. అయితే శాసనకాలమును నేటి లెక్కలోనికి తెచ్చునపుడు మనము పొరపడినచో ఆ దక్కినదియు చేజారును.

రాయల యా కట్టడముల కాలము శకవర్షము 1438. మొదట సంవత్సరనామమును పరీక్షింపవలెను. గతశకమునకు 12 కలిపి 60చే భాగింపగా శేషము 10. ప్రభవాదిగా పదియవది ధాత. శాసనమున సంఖ్యయు నామమును వేర్వేరు సాక్షులు. అవి యొకదానితో నొకటి పొసగనిచో నెచ్చటనో తప్పున్నదన్నమాట.

నేను బడిలో "శకమునకు 78 కలిపిన క్రీస్తుశకము వచ్చును" అని యేండ్ల తరబడి చెప్పితిని. ఒకనాడు నా శిష్యుడొకడు ధాత సంవత్సర మాఘమాసపు శాసనము నకలు తెచ్చెను. 1516 ఫిబ్రవరిలో వెదకితిని. వారము కుదరలేదు. "చెక్కినవాడు తప్పినాడు" అని తీర్పు చెప్పితిని.

తప్పినది నేనే. ధాత సంవత్సరము 1516 ఉగాదితో మొదలై 1517 వసంతమునకు గాని ముగియలేదు. నాటి జూలియను లెక్కను ఆ యేటి పుష్యము 1516 డిసెంబరు చివర ప్రారంభమై 1517 జనవరిలో ముగిసెను. మాఘమునకు 79 కలుపవలెను. నేను వెదకినది అంతకుముందటి యువ సంవత్సరములోని కాలము! 1922లో ఎల్.డి. స్వామికన్ను పిళ్ళెగారు ప్రకటించిన పంచాంగ గ్రంథమును తిరుగవేసిన పిదప వారమును తిథియు చక్కగా కలిసినవి.

నేడీ గణితమును కంప్యూటరు క్షణములో చేయుచున్నది. దానికి లెక్క నేర్పువారికి నా మనవి యొక్కటే. వైశాఖపు తిథి సరిపోయెనని తృప్తిపడకుడు. వైశాఖమున నా తప్పు సూత్రము కూడ సరిపోవును. పుష్యమాఘములను, అధికమాసమును, సూర్యోదయమునకు అందని క్షయతిథిని ఇచ్చి పరీక్షింపుడు. తప్పు దాగుకొనునది సంధులలోనే.

నా శిష్యునకు ఉత్తరము వ్రాసి తప్పు ఒప్పుకొంటిని. ఐదువందల యేండ్లనాడు రాతిపై సరిగా చెక్కిన యా పేరెరుగని శిల్పికి మాత్రము ఈ ప్రసంగమే నా క్షమార్పణము.